విశాఖలో ఇద్దరి సమ్మతితో విడాకులు: పిటిషన్ నుంచి డిక్రీ కాపీ దాకా

రుషికొండ_రోడ్
అందరికీ నమస్కారమండి. దంపతులిద్దరూ విడిపోవడానికి ఒప్పుకున్న కేసు. పెళ్ళి అన్నవరంలో. కాపురం మధురవాడలో. రెండేళ్ళుగా వేరుగా ఉంటున్నారు. అమ్మాయి గాజువాకలో పుట్టింట్లో ఉంది, అబ్బాయికి పుణెలో ఉద్యోగం. నాలుగేళ్ళ పాప. ఇద్దరి పేరు మీద హోమ్ లోన్‌తో కొన్న ఫ్లాటు ఉంది. పెద్దమనుషుల్లో కూర్చుని 100 రూపాయల స్టాంపు పేపరు మీద విడిపోయినట్టు రాసుకుని సంతకాలు పెట్టేశారు. ఆ కాగితం సరిపోతుందా? కోర్టుకి వెళ్ళాలంటే ఏ ఊరి కోర్టు, ఎన్నాళ్ళు పడుతుంది? ఫ్లాటు, పాప, బంగారం విషయాలు ఎక్కడ ఎలా రాయించుకోవాలి? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

వాల్తేరు_వకీలు
ముందు ఆ స్టాంపు పేపరు సంగతి తేల్చుకోవాలండి. అది విడాకులు కాదు. నోటరీ చేయించినా కాదు, రిజిస్టర్ చేయించినా కాదు. హిందూ వివాహ చట్టం 1955 కింద పెళ్ళి రద్దయ్యేది కోర్టు డిక్రీతోనే. సెక్షన్ 29(2)లో కులాచారం ప్రకారం విడాకులకు చోటుంది గానీ, ఆ ఆచారం ఎప్పటినుంచో తెగకుండా వస్తోందని సాక్ష్యాలతో రుజువు చేయాల్సిన భారం దాన్ని చెప్పుకునేవాళ్ళదే. "మా వాళ్ళలో ఇంతేనండి" అంటే నిలబడదు. ఆ కాగితాన్ని నమ్ముకుని మళ్ళీ పెళ్ళి చేసుకుంటే ఆ పెళ్ళి చెల్లదు. పైగా భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్) సెక్షన్ 82 కింద ఏడేళ్ళ దాకా జైలు పడే నేరం.

అలాగని దాన్ని చింపేయొద్దు. ఏ తేదీ నుంచి వేరుగా ఉంటున్నారో అందులో రాసి ఉంటే పనికొస్తుంది. ఇద్దరి సమ్మతితో విడాకులకు, అంటే సెక్షన్ 13బి కింద, పిటిషన్ వేసే నాటికి కనీసం ఏడాది వేరుగా ఉండాలి. వేరుగా ఉండటమంటే వేరే ఇల్లు అనే కాదు. ఒకే కప్పు కింద ఉన్నా భార్యాభర్తల్లా కాపురం చేయకపోతే చాలని సుప్రీంకోర్టు 1991లో సురేష్టా దేవి కేసులో చెప్పింది.

ఏ కోర్టు అన్నదానికి సెక్షన్ 19 చూడాలి. పెళ్ళి జరిగిన చోటు, ఎదుటి పక్షం ఉండే చోటు, ఇద్దరూ చివరిసారి కలిసి కాపురమున్న చోటు. వీటిలో ఏదైనా సరే. భార్యే పిటిషన్ వేస్తే ఆవిడ ఇప్పుడు ఉంటున్న చోటు కూడా చెల్లుతుంది, ఇది 2003 సవరణతో వచ్చింది. మీరు చెప్పిన కేసులో చివరి కాపురం మధురవాడ కాబట్టి విశాఖ ఫ్యామిలీ కోర్టు సరిపోతుంది. అన్నవరం వైపు కోర్టుకో, పుణెకో తిరగనక్కర్లేదు.

డాబాగార్డెన్స్_గుమాస్తా
కాగితాల విషయం నేను చెబుతాను. పిటిషన్ ఆగిపోయేది ఎక్కువగా ఇక్కడే.

పెళ్ళికి ఆధారంగా శుభలేఖ ఒకటి, ఇద్దరూ కనిపించే పెళ్ళి ఫొటో ఒకటి. మ్యారేజ్ సర్టిఫికెట్ ఉంటే మంచిది, లేదని కంగారు పడక్కర్లేదు. గుళ్ళో పెళ్ళయితే దేవస్థానం రసీదు దాచుకుని ఉంటే అదీ పెట్టండి. ఇద్దరి ఆధార్, పాస్‌పోర్టు సైజు ఫొటోలు, పాప జనన ధృవీకరణ పత్రం. చివరి కాపురం మధురవాడలో అని చూపడానికి అద్దె అగ్రిమెంటు గానీ ఆ చిరునామాతో ఉన్న ఈపీడీసీఎల్ కరెంటు బిల్లు గానీ గ్యాస్ పుస్తకం గానీ. చాలామంది ఆధార్‌లో పాత ఊరి చిరునామాయే ఉంచేస్తారు. అప్పుడు ఈ కోర్టుకి అధికారం ఎలా వచ్చిందని ఆఫీసు వాళ్ళు అబ్జెక్షన్ రాసి పిటిషన్ తిప్పి పంపుతారు.

పేర్ల స్పెల్లింగు మరీ ముఖ్యం. ఆధార్‌లో ఒకలా, పాస్‌పోర్టులో ఒకలా, శుభలేఖలో ఇంకోలా ఉంటే పిటిషన్‌లోనే "అలియాస్" అని అన్నీ రాయించండి. డిక్రీ వచ్చాక దిద్దించుకోవాలంటే మళ్ళీ పిటిషన్ వేయాలి.

పిటిషన్‌కి నంబరు పడగానే, ఎఫ్.సి.ఓ.పి. (ఫ్యామిలీ కోర్టు ఒరిజినల్ పిటిషన్, పొట్టిగా ఓ.పి.) నంబరుతో పాటు కేసుని గుర్తించే 16 అక్షరాల సీఎన్ఆర్ నంబరు అడిగి రాసుకోండి. ఈకోర్ట్స్ యాప్‌లో అది కొడితే వాయిదా తేదీ, ఆ రోజు ఏం జరిగింది, అన్నీ కనిపిస్తాయి. ప్రతిదానికీ లాయరు గారి ఆఫీసుకి ఫోన్ చేయక్కర్లేదు.

మర్రిపాలెం_మావయ్య
పిటిషన్ వేశాక ఆరు నెలలు ఆగాలన్న నియమం ఉంది కదా, ఇద్దరూ ఒప్పుకున్నాక అలా ఆగక్కర్లేదట కదా? సుప్రీంకోర్టు తీసేసిందని వాట్సాప్‌లో వచ్చింది.

వాల్తేరు_వకీలు
తీసేయలేదండి మావయ్య గారూ. ఆ గడువు తప్పనిసరి కాదు, తగిన కేసులో కోర్టు మాఫీ చేయొచ్చు అని 2017లో అమర్‌దీప్ సింగ్ కేసులో చెప్పింది. దానికి షరతులున్నాయి. పిటిషన్ వేయడానికి ముందే చట్టం అడిగే ఏడాదికి తోడు ఆ ఆరు నెలలు కూడా, అంటే మొత్తం ఏడాదిన్నర, వేరుగా గడిచి ఉండాలి. రాజీ ప్రయత్నాలన్నీ చేసి విఫలమై ఉండాలి. భరణం, పిల్లల సంరక్షణ, ఇద్దరి మధ్య ఉన్న ఇతర వివాదాలు నిజంగా పరిష్కారమై ఉండాలి. ఇక ఆగితే బాధ పొడిగించడమే అవుతుందని కోర్టుకి అనిపించాలి. మొదటి మోషన్ (ఇద్దరూ కలిసి పిటిషన్ వేసే మొదటి దశ) అయిన వారానికి మాఫీ కోరుతూ ఐ.ఎ. (అదే కేసులో వేసే మధ్యంతర దరఖాస్తు) వేసుకోవచ్చు.

పై కేసులో రెండేళ్ళు గడిచాయి కాబట్టి అడిగే హక్కుంది. కానీ ఫ్లాటు సంగతి తేలకుండా, "తర్వాత మాట్లాడుకుంటాం" అని రాసి మాఫీ అడిగితే జడ్జి గారు ఒప్పుకోకపోవడమే న్యాయం. కాబట్టి తొందర ఉన్నవాళ్ళు ముందు ఒప్పంద పత్రం మీద కష్టపడాలి.

మాఫీ లేకపోతే లెక్క ఇదీ: పిటిషన్ దాఖలైన తేదీ నుంచి 6 నెలల తర్వాత, 18 నెలల లోపు ఇద్దరూ మళ్ళీ వచ్చి మా మాట మీదే ఉన్నామని చెప్పాలి. మన దగ్గర మామూలుగా రెండో పిటిషన్ అంటూ విడిగా వేయరు. అదే ఓ.పి. ఆరు నెలల వాయిదాకి వెళ్తుంది. ఆ రోజు ఇద్దరి అఫిడవిట్లు, సాక్ష్యం నమోదు, శుభలేఖా ఫొటోలూ ఎగ్జిబిట్లుగా మార్కింగ్, ఆపైన ఆర్డరు. వాయిదా మే నెల సెలవుల్లో పడేలా ఉంటే ముందే చూసుకోండి, నెలన్నర తేలిగ్గా జరిగిపోతుంది.

ఇంకో మాట. డిక్రీ ఇచ్చే క్షణం దాకా ఇద్దరిలో ఎవరైనా సమ్మతి వెనక్కి తీసుకోవచ్చు. సురేష్టా దేవి కేసులోనే ఆ మాట కూడా ఉంది. డబ్బు మొత్తం మొదటి రోజే ఇచ్చేసినవాళ్ళూ, మొత్తం చివరికి వాయిదా వేసుకున్నవాళ్ళూ ఇరుక్కునేది దీనివల్లే.

లాసన్స్‌బే_లక్ష్మి
ఒప్పంద పత్రం గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఏమనుకోకండి. విడాకుల తర్వాత మళ్ళీ కోర్టుకి ఎక్కేవాళ్ళలో చాలామంది ఈ కాగితం సరిగా రాసుకోకే ఎక్కుతారు.

డబ్బు ముందు. ఏకమొత్తం భరణం ఎంత అనుకున్నా సరే, దాన్ని మూడు భాగాలు చేయండి. ఉదాహరణకి 20 లక్షలు అనుకుంటే, పిటిషన్ రోజున 8, సాక్ష్యం నమోదయ్యే రోజున కోర్టు హాల్లోనే 8, మిగిలిన 4 క్రిమినల్ కేసులేవైనా ఉంటే అవి కొట్టేసిన రోజున. ఏ కేసూ లేకపోతే రెండు భాగాలు చాలు. ప్రతి చెల్లింపుకీ డీడీ నంబరు, బ్యాంకు, తేదీ ఒప్పందంలో గానీ మెమోలో గానీ రాయాలి. ఇక్కడ ఒక పొరపాటు తరచూ జరుగుతుంది: చివరి వాయిదా డబ్బుకి మొదటి రోజే డీడీ తీసి లాయరు దగ్గర పెడతారు. డీడీ చెల్లేది 3 నెలలే. ఆరు నెలల తర్వాత కోర్టులో తీస్తే అది చెల్లని కాగితం. అదే రోజుకి తీయించుకోండి.

నగదు మాత్రం వద్దు. 2 లక్షలు, ఆపైన నగదు తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. అంతకన్నా పెద్ద చిక్కు, ఇచ్చానని ఒకరు, పుచ్చుకోలేదని ఒకరు.

బంగారం. "పెళ్ళి బంగారం తిరిగి ఇచ్చేశారు" అని ఒక్క వాక్యం రాసేస్తారు. అలా కాదు. వస్తువు పేరు, ఎన్ని కాసులు లేదా ఎన్ని గ్రాములు, ఎవరి దగ్గరుంది, ఏ తేదీన ఎవరి ముందు అప్పగించారు, విడివిడిగా రాయాలి. అమ్మాయికి పుట్టింటివాళ్ళు, అత్తింటివాళ్ళు పెట్టిన నగలు ఆమె స్త్రీధనం. భర్త దగ్గర ఉన్నంత మాత్రాన ఆయనవి కావు. ఉమ్మడి లాకరు ఉంటే డిక్రీకి ముందే ఇద్దరూ కలిసి వెళ్ళి తెరిచి, జాబితా రాసి, లాకరు మూసేయడం మంచిది. పసుపు కుంకుమల కింద పుట్టింటివాళ్ళు రాసిచ్చిన పొలం, స్థలం ఉంటే దాని పత్రాలు ఎవరి చేతిలో ఉన్నాయో కూడా రాయండి. మాటల వేడిలో అందరూ మరిచిపోయేది అదే.

పాప విషయం. హిందూ మైనారిటీ, సంరక్షక చట్టం 1956 సెక్షన్ 6 ప్రకారం ఐదేళ్ళ లోపు బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉండాలి. ఆపైన కూడా కోర్టు చూసేది బిడ్డ మేలునే. తండ్రి చూడటానికి "అప్పుడప్పుడు" అని రాయకండి. నెలలో ఏ శనివారం, ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల వరకు, ఎక్కడ, ఎవరు తీసుకొచ్చి ఎవరు దింపాలి అన్నది రాయండి. సంక్రాంతి, దసరా సెలవుల్లో ఎన్ని రోజులు ఎవరి దగ్గర, పుట్టినరోజు ఎలా, వీడియో కాల్ వారంలో ఎన్నిసార్లు. తండ్రి పుణెలో ఉన్నాడు కాబట్టి రైలు, విమానం ఆలస్యమైతే ఆ భేటీ ఏ రోజుకి మారాలో కూడా. పాస్‌పోర్టు క్లాజు తప్పకుండా పెట్టండి. మైనరు పాస్‌పోర్టుకి తల్లిదండ్రులిద్దరి సమ్మతి అడుగుతారు, అందుకే ఆ సమ్మతి ఇస్తున్నట్టు ఇప్పుడే రాయించుకోవాలి.

పాప ఖర్చు విషయంలో ఇంకో తప్పు: "భవిష్యత్తులో బిడ్డ కోసం కూడా ఏమీ అడగను" అని తల్లి సంతకం పెట్టేయడం. ఆ హక్కు తల్లిది కాదు, బిడ్డది. తల్లి వదులుకున్నా బిడ్డ తరఫున తర్వాత అడగొచ్చు. కాబట్టి అలాంటి వాక్యం రాయించుకుని నిశ్చింతగా ఉండే తండ్రికీ మేలు లేదు. పాప పేరు మీద ఎఫ్‌డీ, తల్లి గార్డియన్‌గా, 18 ఏళ్ళు నిండేదాకా ఎలా పునరుద్ధరించాలో రాసుకుంటే ఇద్దరికీ నిక్కచ్చిగా ఉంటుంది.

కౌంటర్_నంబర్3
బ్యాంకు వైపు నుంచి ఫ్లాటు గురించి. ఒప్పంద పత్రంలో "ఇకపై ఈఎంఐ భర్తే కడతాడు, ఫ్లాటు అతనికే" అని రాసినంత మాత్రాన బ్యాంకు దగ్గర ఏదీ మారదు. లోన్ అగ్రిమెంటు మీద ఇద్దరూ సంతకం చేశారు, ఇద్దరూ బాధ్యులే. అతను కట్టకపోతే ఆమె సిబిల్ స్కోరు కూడా పడుతుంది, నోటీసు ఆమెకీ వస్తుంది. ఆమె పేరు తీయాలంటే ఒక్కడి జీతం మీదే లోన్ నిలుస్తుందని బ్యాంకు ఒప్పుకోవాలి. అందుకు కొత్తగా అర్హత చూస్తారు. చాలకపోతే ఇంకో సహ రుణగ్రహీతని తేవాలి, లేదా కొంత అసలు కట్టాలి, లేదా వేరే బ్యాంకుకి మార్చుకోవాలి. ఈ పని డిక్రీకి ముందే మొదలుపెట్టండి. డిక్రీ తర్వాత రెండో పక్షం సంతకానికి రావడానికి ఇష్టపడదు.

యాజమాన్యం వేరే సంగతి. ఫ్లాటు ఇద్దరి పేరు మీద రిజిస్టరై ఉంటే ఆమె వాటా అతనికి రిజిస్టరు దస్తావేజుతో మారాలి. ఒప్పందం, డిక్రీ చూపించి "నాదే" అంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ (ఆస్తి లావాదేవీలు చూపే ధృవపత్రం) మారదు. స్టాంపు డ్యూటీ ఎవరు కట్టాలో కూడా ముందే రాసుకోండి. బ్యాంకు దగ్గర దస్తావేజులు తాకట్టులో ఉంటే దాని ఎన్‌ఓసీ లేకుండా ఇదేదీ కదలదు. అంటే వరుస ఇలా ఉండాలి: బ్యాంకు ఒప్పుకోలు, తర్వాత రిజిస్ట్రేషన్, తర్వాత డిక్రీ. తలకిందులుగా చేస్తే ఎక్కడో ఒకచోట ఆగుతుంది.

వాల్తేరు_వకీలు
కౌంటర్ గారు చెప్పినదానికి ఒక చేర్పు. ఆ ఫ్లాటు పిటిషన్‌లో విషయమే కాకపోతే, రాజీ డిక్రీలో దాని గురించి రాసినా కోర్టు డిక్రీని విడిగా రిజిస్టర్ చేయించక్కర్లేదనే రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 17(2)(6) మినహాయింపు వర్తించదు. అందుకని ఫ్లాటు షెడ్యూలును హద్దులు, డోర్ నంబరు, సర్వే నంబరుతో పిటిషన్‌లోనే చేర్చమని మీ లాయరు గారిని అడగండి.

సింధియా_జంక్షన్
మన ఊళ్ళో నేవీ ఉద్యోగులు, ఓడల్లో వెళ్ళేవాళ్ళు చాలామంది కదా, వాళ్ళ సంగతి కొంచెం రాస్తాను.

నేవీలో ఉన్న వ్యక్తికి సమన్లు పంపాలంటే మామూలు చిరునామాకి కాదు, అతని కమాండింగ్ ఆఫీసర్ ద్వారా పంపాలి. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 5 రూల్ 28 అదే చెబుతుంది. ఇది తెలియక క్వార్టర్స్ చిరునామాకి పంపితే "డోర్ లాక్డ్" అని తిరిగొస్తుంది, మూడు నాలుగు వాయిదాలు పోతాయి. యూనిట్ పేరు, ఉద్యోగ నంబరు పిటిషన్‌లో ఉండాలి.

భరణం ఆర్డరు వచ్చాక మామూలు ఉద్యోగి జీతాన్ని జప్తు చేయించినట్టు నేవీ ఉద్యోగి జీతాన్ని అదే సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 60 కింద జప్తు చేయించలేరు, దానికి మినహాయింపు ఉంది. అలాగని దారి లేకపోలేదు. నేవీ చట్టం 1957 కిందే భార్యాపిల్లల పోషణకి జీతంలోంచి కోత పెట్టే ఏర్పాటుంది. కోర్టు ఆర్డరు జతచేసి నేవీ అధికారులకి దరఖాస్తు పెట్టుకోవాలి.

మర్చంట్ నేవీ వాళ్ళ సమస్య తేదీలు. కాంట్రాక్టు మీద ఆరేడు నెలలు సముద్రంలో ఉంటే రెండో వాయిదా తప్పిపోతుంది. సైన్ ఆన్ అయ్యేముందే (ఓడ ఎక్కేముందే) లాయరు గారికి చెప్పి, వాయిదా తేదీని సైన్ ఆఫ్ (ఓడ దిగడం) తర్వాతకి వచ్చేలా అడిగించండి. 18 నెలల గడువు మాత్రం దాటకూడదు. వీడియో కాన్ఫరెన్స్ ద్వారా హాజరు కావడానికి అమర్‌దీప్ సింగ్ తీర్పులోనే చోటుంది. కానీ దానికి ముందుగా పిటిషన్ వేసి అనుమతి తీసుకోవాలి, ఓడలో నెట్ సిగ్నల్ ఉంటుందని నమ్ముకోకూడదు.

రుషికొండ_రోడ్
చాలా ఉపయోగపడిందండి అందరికీ. ఒకవేళ మధ్యలో అబ్బాయి వెనక్కి తగ్గితే? అప్పుడు అమ్మాయి ముందున్న దారులు ఏంటి?

లాసన్స్‌బే_లక్ష్మి
అప్పుడు సెక్షన్ 13 కింద ఒక్కరే వేసుకోవాలి, కారణం నిరూపించాలి. క్రూరత్వం, కనీసం రెండేళ్ళు నిరంతరంగా వదిలేసి ఉండటం, వివాహేతర సంబంధం, మతం మారడం, తీవ్రమైన మానసిక వ్యాధి, ఏడేళ్ళుగా ఆచూకీ లేకపోవడం వంటివి ఆ కారణాలు. "ఎనిమిదేళ్ళుగా దూరంగా ఉన్నాం కాబట్టి ఆటోమేటిగ్గా విడాకులైపోయినట్టే" అనే మాట పూర్తిగా తప్పు. ఇక కలిసే అవకాశమే లేదన్న కారణంతో నేరుగా విడాకులిచ్చే అధికారం రాజ్యాంగం 142వ అధికరణ కింద సుప్రీంకోర్టుకే ఉంది. 2023 మే 1న శిల్పా శైలేష్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం అదే తేల్చింది. ఫ్యామిలీ కోర్టు ఆ కారణం మీద ఇవ్వలేదు.

కేసు నడిచే తీరు ఇలా ఉంటుంది. సమన్లు, ఎదుటివాళ్ళ కౌంటర్ (రాతపూర్వక జవాబు), కౌన్సెలింగ్, మీ చీఫ్ అఫిడవిట్ (రాసిచ్చే మీ సాక్ష్యం), క్రాస్ (దాని మీద ఎదుటి లాయరు వేసే ప్రశ్నలు), తర్వాత వాళ్ళ సాక్ష్యం, వాదనలు. ఓడిపోయేది ఎక్కువగా పిటిషన్ రాతలోనే. "ఎప్పుడూ తిట్టేవాడు, హింసించేవాడు" అని రాస్తే క్రాస్‌లో తేదీ అడుగుతారు, చెప్పలేక నీళ్ళు నములుతారు. ఏ నెలలో, ఎక్కడ, ఎవరి ముందు, ఏమన్నాడు అని నాలుగైదు సంఘటనలు గట్టిగా రాయడం, ముప్ఫై సంఘటనలు గాలికి రాయడం కంటే మేలు. ఆసుపత్రి కాగితాలు, మెసేజీలు, స్టేషన్‌లో ఇచ్చిన ఫిర్యాదు రసీదు తేదీల వరసలో పెట్టుకోవాలి.

మెసేజీలు, ఫోన్ రికార్డింగులు పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63(4) సర్టిఫికెట్ తప్పనిసరి. అందులో రెండు భాగాలు, మొదటిది మీరు, రెండోది నిపుణుడు సంతకం చేయాలి, ఫైలు హ్యాష్ విలువ (ఫైలులో మార్పు జరగలేదని చూపే కోడ్) రాయాలి. స్క్రీన్‌షాట్ ప్రింటు తీసి ఇచ్చేస్తే ఎదుటి లాయరు ఒక్క మాటతో తీసేయిస్తారు. ఫోన్ మార్చేటప్పుడు పాత ఫోన్ అమ్మేయకండి. భార్యాభర్తల మధ్య రహస్యంగా రికార్డు చేసిన సంభాషణను కూడా సాక్ష్యంగా తీసుకోవచ్చని 2025 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది. అంతమాత్రాన ప్రతిదీ రికార్డు చేస్తూ కూర్చోమని నేను చెప్పను, ఉన్న ఆధారం పాడవకుండా చూసుకోండి చాలు.

మర్రిపాలెం_మావయ్య
కేసు నడుస్తుండగా ఇల్లు గడవడం ఎలా అమ్మా? అది కూడా చెప్పు.

లాసన్స్‌బే_లక్ష్మి
మంచి ప్రశ్న మావయ్య గారూ. మధ్యంతర భరణానికి మూడు దారులున్నాయి. విడాకుల ఓ.పి. లోనే హిందూ వివాహ చట్టం సెక్షన్ 24 కింద ఐ.ఎ., ఇందులో నెలసరి భరణంతో పాటు కోర్టు ఖర్చులు కూడా అడగొచ్చు. బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) సెక్షన్ 144 కింద ఎం.సి. (భరణం కేసు), పాత సీఆర్‌పీసీ 125 ఇదే. గృహహింస చట్టం 2005 కింద డీ.వీ.సీ. (గృహహింస కేసు), ఇందులో డబ్బుతో పాటు ఇంట్లో ఉండే హక్కు, రక్షణ ఆర్డర్లు కూడా వస్తాయి. మొదటి రెండింటిలో నోటీసు అందిన 60 రోజుల్లో మధ్యంతర దరఖాస్తు తేల్చడానికి ప్రయత్నించాలని చట్టమే చెబుతుంది. మూడూ వేయొచ్చు, కానీ ఒకదాంట్లో వచ్చిన మొత్తాన్ని మరోదాంట్లో చెప్పి తీరాలి, కోర్టు దాన్ని లెక్కలోకి తీసుకుంటుంది.

2020 నవంబరు 4న రజనీష్–నేహా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చదవండి. ఇద్దరూ ఆస్తులు, అప్పుల అఫిడవిట్ వేయాలి. అది వేయడానికి ఎదుటి పక్షానికి గరిష్ఠంగా నాలుగు వారాలు. భరణం దరఖాస్తు వేసిన తేదీ నుంచే లెక్క. అందుకే దరఖాస్తు ఆలస్యం చేస్తే పోగొట్టుకునేది మీ డబ్బే. జీతం స్లిప్పులు, ఐటీ రిటర్నులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు జతచేయాలి. నిజం దాస్తే కోర్టుకి తప్పుడు అఫిడవిట్ ఇచ్చినట్టవుతుంది.

ఆర్డరు వచ్చాక కట్టకపోతే ఈ.పీ. (ఆర్డరు అమలు చేయించమనే పిటిషన్) వేయాలి. ఇక్కడే చాలామంది నష్టపోతారు: 144 కింద బకాయికి వారంటు అడగాలంటే అది బాకీ పడిన ఏడాది లోపు దరఖాస్తు వేయాలి. "రెండేళ్ళది ఒకేసారి వసూలు చేస్తాను" అనుకుని కూర్చుంటే మొదటి ఏడాదిది ఆ దారిలో పోతుంది.

ఎంవీపీ_పారాలీగల్
ఫీజుల గురించి ఎవరూ రాయలేదు. మహిళలకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం హక్కు. న్యాయ సేవాధికార సంస్థల చట్టం 1987 సెక్షన్ 12 అది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో తెల్ల కాగితం మీద దరఖాస్తు రాసి ఆధార్ జిరాక్సు ఇస్తే చాలు, లాయరుని వాళ్ళే కేటాయిస్తారు. ఫోన్ మీద అడగాలంటే 15100. కొట్టడం, ఇంట్లోంచి గెంటేయడం వంటివి జరుగుతుంటే 181 లేదా 112. విడాకుల లెక్కలు తర్వాత చూసుకోవచ్చు, ముందు ప్రాణం.

కేటాయించిన లాయరు వాయిదాలకి రాకపోతే మార్చమని మళ్ళీ దరఖాస్తు పెట్టే హక్కు కూడా ఉంది. డబ్బులడిగితే అదే చోట రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి.

అన్నట్టు, ఇక్కడ రాసినవన్నీ హిందూ వివాహ చట్టం వి. క్రైస్తవులకి విడాకుల చట్టం 1869లో సెక్షన్ 10ఎ ఉంది, అందులో వేరుగా ఉండాల్సిన గడువు రెండేళ్ళని రాసి ఉంది. రిజిస్టర్ మ్యారేజ్ ప్రత్యేక వివాహ చట్టం 1954 కింద చేసుకుంటే ఇద్దరి సమ్మతితో విడాకులకు ఆ చట్టం సెక్షన్ 28. ముస్లింలకి ఇద్దరి సమ్మతితో ముబారాత్ ఉంది, భార్య వైపు నుంచి ఖులా ఉంది. ఒక్కసారిగా మూడుసార్లు తలాక్ చెప్పడం 2019 చట్టంతో నేరం, దానితో పెళ్ళి రద్దు కాదు.

వాల్తేరు_వకీలు
ఎవరైనా క్రిమినల్ కేసు ఉండగా రాజీ పడుతుంటే ఇది గుర్తుంచుకోండి. భార్యను క్రూరంగా చూసిన నేరానికి పాత ఐపీసీలో ఉన్న 498ఎ ఇప్పుడు బీఎన్‌ఎస్ సెక్షన్ 85. ఫ్యామిలీ కోర్టులో రాజీ పడితే ఆ కేసు దానంతటదే పోదు. రాజీ మీద కొట్టివేయించుకోవడానికి అమరావతిలోని హైకోర్టులో బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 528 కింద క్వాష్ (కేసు కొట్టివేత) పిటిషన్ వేయాలి, ఫిర్యాదు చేసినామె అఫిడవిట్ ఇవ్వాలి. పైన లక్ష్మి గారు చివరి వాయిదా డబ్బుని క్వాష్‌కి ముడిపెట్టమన్నది ఇందుకే. అయితే ఒప్పందంలో గడువు రాయాలి. "డిక్రీ తర్వాత 30 రోజుల్లో అతను క్వాష్ వేయాలి, ఆమె నోటీసు అందిన వారంలో అఫిడవిట్ ఇవ్వాలి, ఇచ్చిన రోజునే డీడీ." ఇలా లేకపోతే ఆమెకి చివరి విడత అందదు, అతని పాస్‌పోర్టు రెన్యువల్ ఆగుతుంది, ఇద్దరూ ఇంకో రెండేళ్ళు ఒకరి ముఖం ఒకరు చూస్తారు.

రుషికొండ_రోడ్
చివరిగా ఒక్కటండి. డిక్రీ వచ్చాక వెంటనే మళ్ళీ పెళ్ళి చేసుకోవచ్చా? ఏమేం కాగితాలు చేతికి తీసుకోవాలి?

డాబాగార్డెన్స్_గుమాస్తా
కాగితాలది నేను చెబుతాను. తీర్పు, డిక్రీ రెండు వేర్వేరు కాగితాలు. రెండింటికీ సర్టిఫైడ్ కాపీ దరఖాస్తు వేయండి, ఒక్కోటి కనీసం మూడేసి. పాస్‌పోర్టు, వీసా, మళ్ళీ పెళ్ళి రిజిస్ట్రేషన్, పాప స్కూలు, అన్నిచోట్లా అడుగుతారు. ఒక సెట్ అమ్మాయి దగ్గర, ఒకటి అబ్బాయి దగ్గర, ఒకటి ఇంట్లో పెద్దవాళ్ళ దగ్గర. కాపీ చేతికి రాగానే అక్కడే నిలబడి పేర్లు, పెళ్ళి తేదీ, ఓ.పి. నంబరు సరిచూడండి. టైపు తప్పుంటే సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 152 కింద దిద్దించుకోవచ్చు, కానీ ఏళ్ళు గడిచాక రికార్డు రూములోంచి ఫైలు తీయించడం పెద్ద పని.

వాల్తేరు_వకీలు
ఇద్దరి సమ్మతితో వచ్చిన డిక్రీ మీద ఫ్యామిలీ కోర్టుల చట్టం 1984 సెక్షన్ 19(2) ప్రకారం అప్పీలు లేదు కాబట్టి, అప్పీలు గడువు ముగిశాకే మళ్ళీ పెళ్ళి అనే హిందూ వివాహ చట్టం సెక్షన్ 15 అడ్డు రాదు. వివాదం నడిచి వచ్చిన డిక్రీ అయితే వేరు. ఫ్యామిలీ కోర్టుల చట్టంలో అప్పీలుకి 30 రోజులు, హిందూ వివాహ చట్టం సెక్షన్ 28లో 90 రోజులు ఉన్నాయి. పెద్ద గడువునే లెక్కలోకి తీసుకుని 90 రోజులు ఆగి, హైకోర్టులో అప్పీలేదీ పడలేదని చూసుకున్నాకే ముహూర్తం పెట్టుకోండి. ఎక్స్‌పార్టీ డిక్రీ (ఎదుటి పక్షం హాజరు కాకుండా వచ్చినది) అయితే మరీ జాగ్రత్త. సమన్లు సరిగా అందలేదని తేలితే, ఎదుటి పక్షం తనకి తెలిసిన రోజు నుంచి 30 రోజుల్లో దాన్ని రద్దు చేయమని అడగొచ్చు.

కౌంటర్_నంబర్3
డిక్రీ వచ్చిన వారంలో చేయాల్సింది ఇంకొకటి. బ్యాంకు ఖాతాలు, ఎల్‌ఐసీ, మ్యూచువల్ ఫండ్లు, పీఎఫ్‌లో నామినీ పేరు మార్చండి. విడాకులైనంత మాత్రాన పాత నామినేషన్ దానంతటదే మారుతుందని అనుకోవద్దు. ఉమ్మడి ఖాతా ఉంటే మూసేయండి, చెక్ బుక్కు, ఏటీఎం కార్డు తిరిగిచ్చి రసీదు తీసుకోండి. ఒకరి జీతం ఖాతా నుంచి ఇంకొకరి పేరున నడుస్తున్న ఈసీఎస్‌లు, ఇన్సూరెన్స్ ప్రీమియంలు ఏమేం ఉన్నాయో స్టేట్‌మెంట్ తీసి గీత పెట్టుకుని ఒక్కొక్కటీ ఆపించండి. పాప పేరు మీద ఉన్న హెల్త్ పాలసీ మాత్రం, కొత్త పాలసీ మొదలయ్యేదాకా ఆపకండి.